ఫారంలో ఆ ఒక్క గడి



మీ ఫోనుకి తరచుగా వచ్చే ఫొటో ఒకటుంది. బల్ల మీద టేపు చుట్టిన ప్యాకెట్లు, పక్కన రెండు బైకులు, వెనక అధికారులు, ముందు ముఖాలకు తువ్వాళ్లు కప్పి కూర్చోబెట్టిన నలుగురైదుగురు. కింద వార్త. ఇన్ని కిలోల గంజాయి పట్టివేత, ఇంతమంది అరెస్టు, వీరిలో ఒకరు మైనర్. ఆ చివరి ముక్క దగ్గర ఎవరం ఆగం. నేనూ ఆగేవాణ్ణి కాదు. బొటనవేలితో పైకి తోసేసి తర్వాతి వీడియోకి పోయేవాణ్ణి.

పోయినేడు చలికాలంలో ఆ మైనర్ మా పక్క గూడెం గుంటడయ్యాడు. వాడి పేరు చెప్పను. బాల నేరస్థుల పేరు, ఊరు, బడి, ఫొటో ఏదీ బయటపెట్టకూడదని జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ చెబుతోంది. అందుకే వాణ్ణి గుర్తుపట్టే వివరాలు ఒకటి రెండు మార్చాను కూడా. మిగతాదంతా జరిగిందే.

నేను డిగ్రీ అయ్యాక నర్సీపట్నంలోనే గది తీసుకుని ఉంటున్నాను. ఒక పొద్దున్న వాళ్లమ్మ, మేనమామ కొండ దిగి నా గదికి వచ్చారు. "మా గుంటడు ఏటి సేసేడు బాబూ?" అని అడిగింది ఆవిడ. నాకూ తెలీదు. తెలుసుకుంటే బయటపడింది ఇది. వాడికి పదహారు నిండి కొన్ని నెలలైంది. పదో తరగతితో చదువు ఆగింది. సంతకి వచ్చే ఒకతన్ని వీడు "అన్న" అంటాడు. ఆ అన్న వీడికి ఫోను కొనిచ్చాడు, బైకు తోలడం నేర్పించాడు. ఆ రోజు చేయమన్న పని చిన్నదే. బండేసుకుని ముందు వెళ్లాలి, పోలీసులు కనబడితే ఫోను చెయ్యాలి. దీన్నే పైలటింగ్ అంటున్నారు. ఐదు వేలు ఇస్తానని వెయ్యి చేతిలో పెట్టాడు. బస్తాలున్న కారు వెనకాల వస్తోంది. వాడు దొరికాడు, కారూ దొరికింది. అన్న దొరకలేదు.

"తెలిసే చేశాడు కదా, డబ్బుకోసం చేశాడు కదా" అని మీలో కొందరు అంటారు. అనండి. నేనూ మొదట అన్నాను. అదే గూడెంలో ఇంకో పది మంది గుంటలు సంతలో బస్తాలెత్తి, కాఫీ పళ్లు కోసి బతుకుతున్నారు, వాళ్లెవరూ ఆ పనికి పోలేదు. గంజాయి మన పిల్లల ఊపిరితిత్తుల్లోకి కూడా వస్తోంది ఇప్పుడు, అది దాచి లాభం లేదు. వాడు తప్పు చేయలేదని నేను అనడం లేదు. వాడు ఎవడో, ఎలాంటివాడో కాగితం మీద ఎవరు రాస్తున్నారు, ఏం రాస్తున్నారు అనేది చూడమంటున్నాను. ఎందుకంటే ఆ కాగితమే వాడి తర్వాతి పదేళ్లని నిర్ణయిస్తుంది.

పద్దెనిమిది లోపు పిల్లవాడు పట్టుబడితే బోర్డు ముందుకి రెండు రిపోర్టులు వస్తాయి. పోలీసులు రాసేది ఒకటి, సామాజిక నేపథ్యం మీద. రెండోది ప్రొబేషన్ ఆఫీసర్ రాసేది, సామాజిక విచారణ నివేదిక అంటారు, పదిహేను రోజుల్లో ఇవ్వాలి. మా గుంటడి నివేదికని లీగల్ ఎయిడ్ లాయరు మేడమ్ నాకు చదివి వినిపించారు. బడి ఎందుకు మానేశాడు, స్నేహితులు చదువుకున్నవాళ్లా కాదా, వీడి వయసువాళ్లా పెద్దవాళ్లా, బీడీ మందు అలవాటుందా, ఇంట్లో ఎవరిమీదైనా కేసులున్నాయా, ఇరుగుపొరుగు ఎలాంటిది. ఒక మనిషిని గళ్లలో వేసి కొలిచే పని అది. మనస్తత్వం, సామాజిక స్థితి అన్నీ ఆ గళ్లలోనే.

వాడి గళ్లు ఇలా నిండాయి. చదువు మానేసినవాడు. స్నేహితులు చదువులేనివాళ్లు. తండ్రి తాగుతాడు. ఊరు గంజాయి ప్రాంతం. అడిగిన ప్రశ్నలకు సరిగా జవాబు చెప్పడు, పశ్చాత్తాపం కనబడలేదు.

ఒక్కటి కూడా అబద్ధం కాదు. అదే కష్టం.

ఆ ఫారంలోనే ఇంకో గడి ఉంది. పిల్లవాణ్ణి పెద్దవాళ్లుగానీ ముఠాలుగానీ వాడుకున్నాయా, మాదకద్రవ్యాల కోసం వాడారా అని. అందులో "లేదు" అని ఉంది. మేడమ్ రెండుసార్లు చదివారు. నాకు అర్థం కాలేదు. బైకెవరిది, ఫోనెవరిది, కారెవరిది, పెట్రోలెవరు పోశారు? అన్నీ ఎవడో పెద్దోడివి. మరి ఎవరూ వాడుకోలేదంటే ఎలా?

తర్వాత వాణ్ణే అడిగాను. వాడు చెప్పింది విని నాకు తల తిరిగింది. "నిన్నెవరైనా బలవంతం చేశారా?" అని తెలుగులో అడిగారట. లేదండీ అన్నాడట. నిజమే కదా, ఎవరూ బలవంతం చెయ్యలేదు. అన్న అడిగాడు, వీడు వెళ్లాడు. వాడి లెక్కలో అన్న మంచోడు. ఫోను కొనిచ్చినవాణ్ణి పట్టి ఇవ్వడం వాడికి తెలిసిన మర్యాద కాదు. ఫారం నింపినాయన చెడ్డవాడేం కాదు, మంచినీళ్లు కూడా ఇప్పించాడట. ఆయనకి ఇచ్చిన సమయం తక్కువ, చేతిలో కేసులెక్కువ. "వాడుకోవడం" అనే మాట "బలవంతం" కింద మారిపోయింది, ఆ ఒక్క మాటతో వాడి కేసే తిరగబడింది.

ఇంకోటి. వాడు కొందువాడు. ఇంట్లో మాట్లాడేది కువి. తెలుగు వచ్చు, సంత తెలుగు వచ్చు. "పర్యవసానాలు", "పశ్చాత్తాపం" లాంటి మాటలు నాకే డిగ్రీలో వచ్చాయి. కుర్చీలో కూర్చున్న మనిషి ముందు మన గుంటలు ఎలా ఉంటారో మీకు నేను చెప్పాలా? తల దించుకుంటారు, కళ్లలోకి చూడరు, దేనికైనా ఊఁ అంటారు. మన దగ్గర అది పెద్దలకిచ్చే గౌరవం. కాగితం మీద అది "పశ్చాత్తాపం లేదు" అవుతుంది.

పశ్చాత్తాపం గడికి ఇంత విలువ ఎందుకంటే, 2015లో చట్టం మారాక పదహారు దాటినవాళ్ల పరిస్థితి వేరు. నేరానికి కనీస శిక్ష ఏడేళ్లు, అంతకంటే ఎక్కువ ఉంటే దాన్ని హేయమైన నేరం అంటారు. అప్పుడు 15వ సెక్షన్ కింద బోర్డు ఒక ప్రాథమిక అంచనా వెయ్యాలి. నేరం చేసే మానసిక, శారీరక సామర్థ్యం ఉందా, పర్యవసానాలు అర్థమయ్యాయా, ఏ పరిస్థితుల్లో చేశాడు. దాన్ని బట్టి పెద్దవాళ్లలా విచారించడానికి చిల్డ్రన్స్ కోర్టుకి పంపొచ్చు. గంజాయికి సంబంధించి ఎన్‌డీపీఎస్ చట్టంలో 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం, కనీసం పదేళ్లు. 20 కిలోలకి లోపు అయితే కనీస శిక్ష లేదు. కుట్రలో ఉన్నవాడికీ అదే శిక్షని 29వ సెక్షన్ చెబుతుంది. అంటే ముందు బైకు మీద వెళ్తున్న గుంటడు బోర్డులో పిల్లవాడా, పెద్దవాడా అన్నది వెనక కారులో బస్తాల బరువు మీద ఆధారపడుతుంది. ఆ బస్తాలు వాడు ఎత్తలేదు, చూడను కూడా లేదు. ఎన్ని కిలోలని అడిగితే, "కారు నిండా అన్నారు" అన్నాడు.

శారీరక సామర్థ్యం అంటే ఏమిటో కూడా ఆలోచించండి. మన పిల్లలు పదేళ్లకే కట్టెల మోపుతో కొండ దిగుతారు. నగరం డాక్టరుకి వీడు గట్టి పెద్దమనిషిలా కనబడతాడు. మానసిక అంచనా చిన్న పని కాదని సుప్రీంకోర్టే 2022 జూలైలో బరుణ్ చంద్ర ఠాకూర్ కేసులో చెప్పింది. బోర్డులో పిల్లల మనస్తత్వం చదివినవాళ్లు లేకపోతే అలాంటి నిపుణుల సాయం తీసుకోవాల్సిందే అంది. ఆ నిపుణుడికి కువి రాకపోతే ఏమవుతుందని ఆ కేసులో ఎవరూ అడగలేదు, అది గురుగ్రామ్ బడి కేసు. మనం అడగాలి.

పిల్లల్ని గళ్లలో వేసి వీడు నేరస్థుడవుతాడు, వీడు కాడు అని చెప్పే పని కొత్తది కాదు. అమెరికాలో షెల్డన్ గ్లూక్, ఎలినార్ గ్లూక్ అనే దంపతులు బోస్టన్‌లో నేరాల్లో పడిన 500 మంది అబ్బాయిల్ని, పడని 500 మందిని పక్కపక్కన పెట్టి పరిశీలించారు. 1950లో పుస్తకం వేశారు. ఇంటి పరిస్థితి, తండ్రి తిట్లు, ఒంటి కట్టు కూడా కొలిచారు. వాటిని బట్టి చిన్నప్పుడే చెప్పెయ్యొచ్చని పట్టికలు చేశారు. ఆ కాగితాలు హార్వర్డ్ లా లైబ్రరీ నేలమాళిగలో పెట్టెల్లో పడి ఉంటే, తర్వాత రాబర్ట్ శాంప్సన్, జాన్ లాబ్ అనే ఇద్దరు వాటిని బయటకి తీశారు. నేరాల్లో పడిన ఆ 500 మంది డెబ్బై ఏళ్లు వచ్చేదాకా ఏమయ్యారో వెతికారు. దాదాపు అందరూ ఎప్పుడో ఒకప్పుడు మానేశారు. ఎవరు ముందు మానేస్తారు, ఎవరు ఆలస్యంగా మానేస్తారు అన్నది చిన్నప్పటి గళ్లని చూసి చెప్పడం కుదరలేదు. మలుపు తిప్పింది నికరమైన పని, పెళ్లి, సైన్యంలో చేరడం, పాత జట్టు నుంచి దూరం. అంటే తర్వాత వచ్చినవి.

ఇంకో ప్రయోగం నాకు బాగా నచ్చింది. 2005లో మార్గో గార్డ్‌నర్, లారెన్స్ స్టైన్‌బర్గ్ కంప్యూటర్లో కారు తోలే ఆట పెట్టారు. ఒంటరిగా ఉన్నప్పటి కంటే స్నేహితులు పక్కన చూస్తుంటే పదమూడు నుంచి పదహారేళ్ల పిల్లలు చాలా ఎక్కువ తెగించారు. పెద్దవాళ్లలో ఆ తేడా దాదాపు లేదు. పదహారేళ్ల గుంటడికి బైకు, ఫోను, వెనక "శభాష్ రా" అనే అన్న, ఘాట్ రోడ్డు. ఇక వేరే ప్రయోగశాల ఎందుకు?

అయితే మన దేశంలో గళ్లకి ఇంకో చరిత్ర ఉంది, అది మనకి మర్చిపోయే హక్కు లేదు. 1871లో బ్రిటిష్‌వాళ్లు క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చారు. 1911 చట్టంతో అది మద్రాసు ప్రెసిడెన్సీకి, అంటే మన ప్రాంతానికీ వచ్చింది. కులానికి కులం, తెగకి తెగ పుట్టుకతోనే నేరస్థులని రాసేశారు. ఎరుకల కుటుంబాల్ని బాపట్ల దగ్గర స్టూవర్టుపురం సెటిల్‌మెంటులో పెట్టారు, హాజరు వేయించుకోవాలి, ఊరు దాటాలంటే అనుమతి కావాలి. పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి విడదీసి దిద్దుబాటు బడుల్లో పెట్టే అధికారం కూడా ఆ చట్టంలో ఉంది. 1952లో రద్దయింది. చట్టం పోయింది, రాసే చెయ్యి అలవాటు పోలేదు. "ఊరు గంజాయి ప్రాంతం" అన్న ఆ ముక్క చూడగానే నాకు స్టూవర్టుపురమే గుర్తొచ్చింది.

ఆ ముక్క బెయిలుకి కూడా అడ్డం పడుతుంది. 12వ సెక్షన్ ప్రకారం పిల్లవాడికి బెయిలు ఇవ్వాలి, నేరం బెయిలబుల్ అయినా కాకపోయినా. కాదనాలంటే, బయటకి వెళ్తే నేరస్థుల చేతిలో పడతాడనో, వాడికే ప్రమాదమనో, న్యాయం దెబ్బతింటుందనో కారణం రాయాలి. ఊరినే గంజాయి ప్రాంతంగా రాసేశాక ఏ గూడెం పిల్లవాడు ఇంటికి పోగలడు? తల్లి ఒడి కూడా నేరస్థుల సహవాసమే అవుతుంది అప్పుడు.

గంజాయి ప్రాంతం అనే పేరు మనకి ఎలా వచ్చిందో మనకి తెలుసు. పెట్టుబడి మనది కాదు, కొనేవాడు మనవాడు కాదు. 2021 అక్టోబరు చివర్లో మొదలైన ఆపరేషన్ పరివర్తన్‌లో వేల ఎకరాల్లో మొక్కలు నరికారు. 2022 ఫిబ్రవరి 12న అనకాపల్లి దగ్గర కోడూరులో రెండు లక్షల కిలోల గంజాయి తగలబెట్టారు. మన ఊళ్లలోనూ చాలామంది స్వయంగా పీకేశారు. ఇప్పుడు సరుకు ఎక్కువగా ఒడిశా వైపు నుంచి వస్తోందని పోలీసులే చెబుతున్నారు. అయినా దారి మాత్రం మన చింతపల్లి, మన నర్సీపట్నం మీదుగానే. దారికి దారి తెలిసినవాడు కావాలి. కింద నుంచి వచ్చినవాడికి కొండ మలుపులు తెలీవు, మన గుంటడికి కళ్లు మూసుకున్నా తెలుసు. చిన్నవాడికి తక్కువిస్తే చాలు. చిన్నవాడికి శిక్ష తక్కువని కూడా వాళ్లు లెక్కేసుకున్నారు. మన పిల్లల వయసుని కాపాడటానికి పెట్టిన చట్టాన్ని వాళ్లు తమ ఖర్చు తగ్గించుకోవడానికి వాడుతున్నారు.

ఆ లెక్కకి చట్టంలోనే జవాబు ఉంది. 78వ సెక్షన్. పిల్లల్ని మాదకద్రవ్యాలు మోయడానికి, అమ్మడానికి, తరలించడానికి వాడినవాడికి ఏడేళ్ల దాకా కఠిన శిక్ష, లక్ష రూపాయల దాకా జరిమానా. అందుకే ఆ గడి. "వాడుకున్నారా?" దగ్గర "అవును" పడితే పోలీసులు వెతకాల్సింది అన్నని. "లేదు" పడితే కథ గుంటడి దగ్గర మొదలై గుంటడి దగ్గరే అయిపోతుంది. నాలుగైదు నెలలుగా మైనర్ పట్టుబడ్డ వార్తలు చదువుతూ 78వ సెక్షన్ కోసం వెతుకుతున్నాను. నా కంట్లో ఒక్కటీ పడలేదు.

మనవైపు తప్పు కూడా చెప్పుకోవాలి కదా. వాళ్లమ్మ నా దగ్గరకి వచ్చిన రోజున గూడెంలో పెద్దలు "వాడి సంగతి మాట్లాడొద్దు, ఊరి పేరు పోతుంది" అన్నారు. అదే పెద్దలకి ఆ అన్న ఎవడో తెలుసు. కొన్నిచోట్ల ఆ అన్న మనవాడే, మన సంఘం జెండా పట్టుకుని ర్యాలీలో నడిచినవాడే. కొత్త బండి మీద వచ్చినవాడికి సంతలో మనమే ముందు నమస్కారం పెడతాం, ఆ బండి ఎలా వచ్చిందని అడగం. పదిహేనేళ్ల గుంటడు అది చూస్తాడు. వాడికి మనం చూపించిన గొప్ప మనిషి వాడే మరి.

ఈ కేసులో నేను తప్పు చేసింది కూడా ఉంది. నేను భగతావాణ్ణి, కువి నాకు పది పదిహేను మాటలకి మించి రాదు. నేనే అనువాదం చేస్తానని మొదటిసారి కూర్చున్నాను. వాడు చెప్పిన దానిలో సగం నాకే అర్థం కాలేదు, సిగ్గుకి అర్థమైనట్టు తలూపాను. తర్వాత వాళ్ల గూడెం వైపు అక్క ఒకావిడని బతిమాలి తీసుకొచ్చాను. ఆవిడ నేల మీద వాడి పక్కన కూర్చుని, ముందు తిన్నావా అని అడిగి, మెల్లగా కబుర్లలో పెట్టింది. అరగంటలో అన్న పేరు వచ్చింది, ఫోను ఎక్కడ కొన్నారో వచ్చింది, ఇంతకుముందు రెండుసార్లు వెళ్లిన సంగతి కూడా వచ్చింది. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదని, ఇంట్లో మేకలు ఎవరు చూస్తున్నారో అని ఏడ్చాడు. పశ్చాత్తాపం లేదని రాసిన గుంటడు వాడు.

భాష అర్థం కాకపోతే దుబాసీని ఇవ్వాల్సిన బాధ్యత బోర్డుదని 8వ సెక్షన్‌లో ఉంది. అడిగినవాడికే ఇస్తారు. అడగాలని తెలిసినవాడు పక్కన ఉండాలి. మీ ఊళ్లో మైనర్ పట్టుబడితే మొదటి రోజే వెళ్లండి. లాకప్పులో గానీ జైల్లో గానీ పెట్టకూడదు, ఇరవై నాలుగు గంటల్లో బోర్డు ముందుకి తేవాలి, ఇది 10వ సెక్షన్. స్టేషనులో పిల్లల కోసం ఒక అధికారి ఉంటారు, ఆయన్నే అడగండి. లాయరు ఉచితంగా వస్తారు.

వయసు కాగితం మాత్రం మర్చిపోవద్దు. చాలామంది మన పిల్లలకి పుట్టిన తేదీ ఆశ్రమ పాఠశాలలో చేర్చిన రోజు మాస్టారు అంచనాగా వేసిందే. వయసు తేల్చడానికి ముందు బడి ఇచ్చిన పుట్టిన తేదీ పత్రం గానీ పదో తరగతి సర్టిఫికెట్ గానీ చూస్తారు, అది లేకపోతే పంచాయతీ జనన పత్రం, అదీ లేకపోతేనే ఎముకల పరీక్ష. ఆ జాబితాలో ఆధార్ లేదు. పెద్దవాడని జైలుకి పంపేసిన తర్వాత కూడా మైనర్ అని ఏ దశలోనైనా అడగొచ్చు, కేసు ముగిసిపోయాక కూడా. ఈ ముక్క జైల్లో ఉన్నవాళ్ల ఇళ్లలో చెప్పండి.

ప్రొబేషన్ ఆఫీసరు ఊరికి వచ్చినప్పుడు ఇల్లు మూసుకుని అడవికి పోకండి. టీచరు, వార్డెన్, పక్కింటివాళ్లు, వాడికి పని ఇచ్చిన కాఫీ తోట రైతు, వీళ్లందర్నీ మాట్లాడించండి. వాడు మేకలు కాసేవాడని, చెల్లిని బడికి దింపేవాడని, ఫుట్‌బాల్ ఆడేవాడని కూడా ఆ ఫారంలో పడాలి. వాటికీ గళ్లు ఉన్నాయి. బోర్డు దగ్గర ఉన్న దారి జైలొక్కటే కాదు, కౌన్సెలింగ్, సామాజిక సేవ, తల్లిదండ్రుల దగ్గరే పర్యవేక్షణలో ఉంచడం, మహా అయితే మూడేళ్ల దాకా స్పెషల్ హోమ్. బోర్డులోనే కేసు ముగిస్తే ఆ రికార్డు తర్వాత ఉద్యోగానికి అడ్డం రాకూడదు. పెద్దవాళ్ల దారిలోకి నెట్టేస్తే ఆ రక్ష కూడా పోతుంది.

మా గుంటడి కేసులో మేడమ్ అర్జీ పెట్టాక నివేదిక మళ్లీ రాశారు. ఈసారి ఆ గడిలో "అవును" ఉంది. వాడు బెయిలు మీద ఇంటికొచ్చాడు, ఓపెన్ ఇంటర్ కడతానంటున్నాడు, కట్టేదాకా నాకు నమ్మకం లేదు. అన్న పేరు కాగితం మీదకి వచ్చింది, మనిషి ఇంకా రాలేదు. ప్రాథమిక అంచనా వాయిదా వచ్చే నెల ఉంది. ఆ అక్కకి ఆ రోజు కాఫీ పని ఉందట, రాలేనంటోంది. కువి గానీ ఆదివాసీ ఒడియా గానీ ఇంట్లో మాట్లాడేవాళ్లు, ఒక రోజు కూలి వదులుకుని బోర్డు దాకా రాగలిగినవాళ్లు, మండలానికి ఇద్దరు చొప్పున మాకు పేర్లు కావాలి. చింతపల్లి, జీకే వీధి, కొయ్యూరు నుంచి ముందు చెప్పండి.